మోకాలికీ బోడిగుండుకూ ముడి

"ఓ తమ్మీ! డాక్టర్ ఎప్పుడొస్తడు?"

పగిడయ్య అడిగింది ఒక తెల్లకోటు వీపును. ఆ కోటు పైన నున్నటి గుండు, గుండు మీద ఇంకా ఆరని గంధం. భద్రాచలం దవాఖానాలో కాళ్లకూ కీళ్లకూ వ్యాయామం చేయించే గది అది. వీపు గిర్రున తిరిగింది. చెవులకు జూకాలు, ముక్కుకు పుడక, కళ్లలో నిప్పులు.

"తమ్మి గాదు. నా పేరు వనజ. ఫిజియోథెరపీ ఇంటర్న్‌ను. నీకేంది?"

పగిడయ్య నాలుక కరుచుకున్నాడు. పక్కనే ఉన్న తల్లి జంపక్క మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

"పాదం లేస్తలేదు మేడం."

"పేరు?"

"పగిడయ్య."

"మీ తాతది గాదు, నీది చెప్పు."

"నాదే మేడం. తాత పేరే పెట్టిన్రు."

ఆమె ఫక్కున నవ్వింది. లెక్క చెల్లుకు చెల్లు అయిందనుకుని అతనూ నవ్వాడు గానీ ఆ నవ్వు గొంతు దాటి రాలేదు. ఎలా వస్తుంది పాపం!

బీడీల తునికాకు కల్లంలో ఇరవై రోజులు గొంతుక్కూర్చుని కట్టలు కట్టాడతను. ఇరవై ఒకటో రోజు లేచి నిలబడితే కుడి పాదం వేలాడిపోయింది. వేళ్లు పైకి లేవవు. చెప్పు జారిపోతే జారిందని కూడా తెలియదు. ఇవాళ బస్టాండు నుంచి దవాఖానాకు వచ్చేలోపు రెండుసార్లు జంపక్క వెనక్కి వెళ్లి చెప్పు ఏరుకొచ్చింది.

సెప్టెంబరులో ఖమ్మంలో కానిస్టేబుల్ సెలక్షన్. ఐదు కిలోమీటర్ల పరుగు. గూడెంలో పగిడయ్యను పరుగులో కొట్టినవాడు లేడు. ఆ ఒక్క ధైర్యంతో రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. ఇప్పుడేమో కాలికి చెప్పే నిలవడం లేదు, ఇక ఉద్యోగమేం నిలుస్తుంది?

"నరం పట్టింది మేడం," అన్నాడు.

"ఏ నరం?"

"నరానికి గూడ పేర్లుంటయా?"

"ఉంటయ్. ఆ పేరు కాడ్నే నాకు ఏడాది పోయింది. బోర్లా పడుకో."

పడుకున్నాడు. ప్యాంటు మోకాలి పైకి మడిచి చూసి ఆమె ఆగిపోయింది. మోకాలి కింద ఎర్రగుడ్డతో బిగించిన పసరుకట్టు. ముడి సరిగ్గా బయటి పక్కన, ఎముక మీద పడింది.

"తొమ్మిది రోజుల దాక ముడి ఇప్పొద్దన్నడు పసరు కట్టిన పెద్దాయన," జంపక్క ముందే చెప్పింది.

"పసరు మంచిదే అమ్మా. ముడి పడ్డ జాగనే మంచిది గాదు." కత్తెర తీసుకుని కసుక్కున కత్తిరించేసింది.

జంపక్క ముఖం నల్లబడింది.

"ఇప్పినవ్ గదా. నా కొడుకు కాలు లేవకపోతే నిన్నే అడుగుత బిడ్డా."

"అడుగు అమ్మా," అంది వనజ. గొంతు మాత్రం కొంచెం వణికింది. ఆ వణుకు బోర్లా పడుకున్న పగిడయ్యకు బాగానే వినిపించింది.

తరువాత ఆమె బాల్ పెన్ను తీసుకుని అతని మోకాలి వెనుక గాలిపటంలాంటి బొమ్మ గీసింది. చక్కిలిగింతకు అతను బల్లను గట్టిగా పట్టుకున్నాడు.

"కదలకు. ఇది మోకాలి గుంట. పైన తొడ వెనుక కండలు తాళ్ల లెక్క దిగుతయ్. లోపటి పక్క రెండు, బయటి పక్క ఒకటి. కింద పిక్క కండలు. ఆ బయటి తాడు సందుల్నే ఒక నరం దాక్కొని పోతది, మోకాలి కింద ఎముకను చుట్టుకొని. పాదాన్ని లేపేది అదే. గొంతుక్కూసుంటే నలిగింది. మీదికెల్లి ఈ ముడి. తాడూ నరమే, రక్తనాళమూ నరమే అంటం మనం. గందుకే ఈ తిప్పలు."

"మీకు గూడ తిప్పలైందా మేడం?"

"అయ్యింది. ప్రాక్టికల్స్‌ల తాడు పట్టుకొని నరం అన్న. ఫెయిల్. ఆ ఒక్క పేపర్ పాసైతే గుండిస్త అని రామయ్యకు మొక్కిన."

పగిడయ్య బల్లలోకి ముఖం పెట్టి నవ్వాడు. "మీ గుండు మొక్కుతోనన్న నా కాలు లేస్తదేమో."

"మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టకు!"

ముఖం కనపడదు, గొంతు మాత్రమే వినపడుతుంది. చెప్పొద్దూ, అందరూ ప్రేమలో బోర్లా పడతారంటారు గానీ, మన పగిడయ్య బోర్లా పడుకుని మరీ పడ్డాడు.

డాక్టర్ వెంకటరామారావు సార్ వచ్చి చూసి, "ఆమె చెప్పింది కరెక్టే. టైం పడుతుంది," అన్నాడు. ఎంత టైమో చెప్పలేదు. ఆ చెప్పని మాటే పగిడయ్య గుండెల మీద కూర్చుంది.

రోజు విడిచి రోజు బస్సెక్కి వచ్చేవాడు. కాలికి కరెంటు మిషను పెట్టి వనజ అడిగేది. "బొటనవేలు లేపు."

లేచేది కాదు.

"అలిగింది మేడం."

"బతిమాలు."

"ఇంట్ల పొద్దుగాల్నే బతిమాలిన. దానికి మీ మాటంటేనే భయం."

నవ్వేవాళ్లు. నవ్వు అయిపోగానే ఇద్దరూ ఆ వేలు వైపే చూసేవాళ్లు. మూడు వారాలు, నాలుగు వారాలు. ఆమె గుండు మీద గరిక మొలకలంత జుట్టు వచ్చింది. వేలు మాత్రం ఉలకదు, పలకదు.

పగిడయ్యకు ఇంకో భయం కూడా పట్టుకుంది. వనజది ఇల్లందు పక్క గూడెమని తెలిసింది. అంటే తమ కోయవాళ్లే. సంతోషించాల్సిన మాటే గానీ, వాళ్లలో పెళ్లిమాటకు ముందు అడిగేది 'మీదే గట్టు?' అని, అంటే మీది ఏ గోత్రమని. ఒకే గట్టయితే అన్నాచెల్లెళ్ల వరస, ఇక ఊసెత్తడానికి లేదు. అడిగితే తన మనసు బయటపడుతుంది. అడగకపోతే నిద్ర పట్టదు. పాదంలాగే నాలుక కూడా లేవలేదు.

జూలై మొదటి వారం. వాన దంచికొడుతోంది, గోదారి ఎర్రగా పొంగుతోంది. అతను తడిసి ముద్దయి వచ్చేసరికి వనజ కిటికీ దగ్గర కళ్లు తుడుచుకుంటోంది.

"ఏమైంది మేడం?"

"ఇంక నువ్వు నా కాడికి రానక్కర్లే. రేపటికెల్లి నా డ్యూటీ ఖమ్మంల."

"అంటే... నా కాలు ఇంక రాదనా?"

"నేనట్ల అన్ననా!"

"మరెందుకు ఏడుస్తున్నరు?"

"భయమై ఏడుస్తున్న!" ఉన్నట్టుండి అరిచేసింది. "ఆరు వారాలైంది. సార్ గూడ నేను చెప్పింది ఇని అవునన్నడేమో. మళ్లా తాడు పట్టుకొనే నరం అన్ననేమో. ఆ ముడి ఇప్పకపోయుంటే లేచేదేమో. మీ అమ్మ అడిగితే ఏం చెప్పాలె? నువ్వు ఉరకలేకపోతే నా ముఖం ఎట్ల చూపియ్యాలె?"

ఇన్ని రోజులూ పగిడయ్య తన భయం తనొక్కడిదే అనుకున్నాడు. అందులో సగం ఈమె మోస్తోందని ఇప్పుడే తెలిసింది. "కాలు రాకున్నా మిమ్మల్ని అననీయ మేడం, మా అమ్మనైనా సరే," అన్నాడు. ఆమె తల ఊపి గబగబా బయటికి వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున్నే అతను బస్టాండులో ఉన్నాడు. ఖమ్మం బస్సు కిటికీలో వనజ, తలకు ఆకుపచ్చ స్కార్ఫు చుట్టుకుని కనిపించింది. పిలవబోయేలోపే కండక్టర్ రైట్ రైట్ అన్నాడు. బస్సు కదిలింది.

ఇప్పుడు పోతే మళ్లీ దొరకదు!

పగిడయ్య ఉరికాడు. బురదలో, వానలో, బస్సు పక్కనే.

"మేడం! మేడం! మీదే గట్టు?"

బస్సులో సగంమంది తలలు బయటికి వచ్చాయి. ఒక ముసలాయన, "బస్సెంబడి ఉరుక్కుంట అడిగే మాటనా అది!" అని పగలబడి నవ్వాడు. వనజ ముఖం మందారమైంది. ఆ మాట ఎందుకడుగుతారో ఆమెకు తెలియదా ఏం?

కానీ ఆమె చూపు అతని ముఖం మీద లేదు. కింద, కాళ్ల మీద ఉంది.

"చెప్పు!" అని కేక పెట్టింది.

"ముందు మీరు చెప్పున్రి!"

"అది గాదు పిచ్చోడా, నీ కాలికి చెప్పు!"

"పడిపోయిందా?"

"పడలే! పడలే పగిడయ్యా! ఆపున్రి, బస్సాపున్రి!"

అతను ఆగి కిందికి చూసుకున్నాడు. రెండు చెప్పులూ కాళ్లకే ఉన్నాయి. బురదలోని బొటనవేలిని మెల్లగా, "లే," అన్నాడు. గోరు మీది బురద కదిలింది. వేలు లేచింది. ఎంతని? గింజెడు. ఆ గింజెడుకే అతను బస్టాండు నడిమధ్య బావురుమన్నాడు.

బస్సు దిగి పరుగెత్తుకొచ్చిన వనజ బురదలోనే వంగి వేలు పట్టుకు చూసింది. కండక్టర్ విజిల్ మీద విజిల్ ఊదుతున్నాడు.

"నాలుగో గట్టు," అంది తలెత్తకుండానే. "మీది?"

"మూడో గట్టు!"

"అమ్మయ్య!" అనేసింది. అనేశాక నోరు మూసుకుంది గానీ అప్పటికే ఆలస్యమైంది.

సెప్టెంబరులో ఖమ్మం గ్రౌండు కంచె బయట ఇద్దరు ఆడవాళ్లు నిలబడ్డారు. జంపక్క కొంగు కొరుకుతోంది. వనజ, నుదుటి మీద పడే కొత్త జుట్టును నిమిషానికోసారి తోసుకుంటూ అతని కుడి పాదం ఒక్కటే చూస్తోంది. చివరి చుట్టులో ఆ పాదం కొంచెం బరువెక్కింది. వెనకబడ్డాడు. పాదం మళ్లీ లేచింది. టైం అయిపోయిందనే విజిల్ పడడానికి కాస్త ముందు, ఆఖరి గుంపులో, పగిడయ్య గీత దాటాడు.

కంచె దగ్గరికి వచ్చి రొప్పుతూ నిలబడితే జంపక్క కొడుకును పట్టించుకోలేదు. వనజ చెయ్యి అందుకుంది.

"ముడి ఇప్పినందుకు నిన్నే అడుగుతన్న గదా బిడ్డా. ఇప్పుడు అడుగుతున్న."

వనజ బెదిరిపోయింది. "కాలు మంచిగైంది గదమ్మా!"

"అయ్యింది. గందుకే అడుగుతున్న. ఇప్పిన ముడికి బదులు ముడి పడాలె గదా. మా వోడు ఏస్తడు, మెడ వంచుతవా?"

వనజ తల దించుకుంది. పగిడయ్య మాత్రం ఆయాసంలోనూ ఊరుకోలేదు.

"మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టొద్దన్నరు మేడం."

"గుండెక్కడిది?" జుట్టు వెనక్కి తోసుకుంది వనజ. "మంచిగ పెరిగింది. ఇంక పెట్టొచ్చు."