క్యారియర్ అడుగు గిన్నె

నిన్నటి క్యారియర్ గిన్నెల్ని అమ్మ ఒక్కొక్కటే తోముతోంది. పై రెండూ కడిగి బోర్లించింది. అడుగు గిన్నెలోని కవరును తడి తగలకుండా తీసి గట్టు మీద పెట్టింది. ఆ గిన్నెలో ఆమె ఏనాడూ అన్నం పెట్టి పంపలేదు. నాన్న కరెంటాఫీసులో కొత్త కనెక్షన్ల గుమాస్తా. డబ్బు కవర్లు తెచ్చి అందులో పెట్టేది అటెండరు. ఎవరిచ్చారో నాన్న అడగడు. చేత్తో తీసుకోలేదు కదా అన్నది ఆయన ధైర్యం.

కూతురు వంటింట్లోకి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తను పనిచేసే బైండింగ్ షాపులో ఇక రావద్దని నిన్న సాయంత్రమే చెప్పారు.

"పోనీలేవే, అది కాకపోతే ఇంకోటి," అంది అమ్మ.

కూతురు గట్టు మీది కవరు తీసి తిప్పి చూసింది. అట్టలు కోయగా మిగిలిన నీలం కాగితం. అంచు దగ్గర రెండు మడతలు. షాపులో అలా మడిచేది తనొక్కతే.

"అమ్మా, ఇది నేను అంటించిన కవరు."

అమ్మ చేతిలో పీచు ఆగిపోయింది.

"పొద్దున్నే ఏంటి పంచాయతీ?" అంటూ నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

"కటింగ్ మెషీన్ కనెక్షన్ కోసం మా ఓనరు పెట్టిన ఫైలు మూడు నెలలు నీ బల్ల మీదే ఉందా నాన్నా?"

"రోజుకి ఎన్నో ఫైళ్ళు. అది నీ షాపుదని నాకేం తెలుసు?"

"తెలిస్తే వదిలేసేవాడివా?"

"ఉద్యోగం పోయినా గొంతు పోలేదు నీకు. నేనొక్కణ్ణే తింటున్నానా? అయినా తగలేశానా? పైన గది వేద్దామని దాచిపెట్టానే, నీ కోసమే!"

"మా ఓనరూ దాచాడు నాన్నా. నాలుగేళ్ళు, ఆ డొక్కు స్కూటరు తోసుకుంటూ తిరిగి మరీ దాచాడు. అది మెషీన్ అయ్యేది. బడి పుస్తకాల ఆర్డరు వచ్చేది. ఇంకో ఆరుగురికి పని దొరికేది. అందులోంచి నీకిచ్చాక మెషీన్‌కి చాల్లేదు. నిన్న కనెక్షన్ మంజూరైంది, మెషీన్ లేదు. ఆర్డరు వేరేవాళ్ళకి పోయింది. కొత్తగా చేరిన ఇద్దర్ని తీసేశారు. అందులో నేనొకదాన్ని."

నాన్న కవరు మీంచి చూపు తిప్పుకుని చివరి గుండీ పెట్టుకున్నాడు.

"మరి నువ్వు దాచిందేమైంది? బ్యాంకులో వేయాలంటే భయం. గది కడితే నలుగురూ అడుగుతారని భయం. ఆరేళ్ళుగా బీరువాలో పడి ఉంది. దానివల్ల ఒక్కరికి పని దొరికిందా?"

"నాన్నతో మాట్లాడే తీరు అదేనా?" అంది అమ్మ.  పీచు పక్కన పెట్టి భర్త వైపు తిరిగింది. "ఏమండీ, గుమ్మంలో ఎవరైనా బెల్లు కొడితే చాలు, నా గుండె ఆగినంత పనవుతుంది. మీతో ఎప్పుడూ అనలేదు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కూతుర్ని అడిగాడు.

"ఏమన్నాడు మీ ఓనరు?"

"'నీ పనికి వంక లేదమ్మా, నా చేతకానితనమే' అన్నాడు. నాకు చెబుతూ ఆయనే ఏడ్చాడు."

నాన్న కళ్ళు దించుకున్నాడు. ఆ కళ్ళు తడవడం కూతురు ఇంతవరకూ చూడలేదు. ఆయన లేచి లోపలికెళ్ళాడు. బీరువా తలుపు కిర్రుమంది. చంకలో గుడ్డసంచితో బయటికొచ్చి, ఎవరికీ ఏమీ చెప్పకుండా చెప్పులేసుకుని మెట్లు దిగాడు.

వీధి మొదట్లో ఆఫీసు బస్సు ఆగి ఉంది. ఆయన దాన్ని దాటుకుని, బైండింగ్ షాపు వైపు నడిచాడు.