పుక్కిట నీళ్ళు

కోపాన్ని తోడేసే తోడుటోపీ లోపలి చెమటను గుడ్డతో తుడిచి, పైడితల్లి తరువాతి మనిషిని పిలిచింది. సాయంత్రపు షిఫ్టు వదిలారు. గోడకవతల పసిగదిలో మూడేళ్ళలోపు పిల్లలు, ఇవతల వరుసలో వాళ్ళ అమ్మానాన్నలు. మణికట్టు పట్టీ మీద కోపతాపం అంకె ముప్ఫై దాటితే పసిగది తలుపు తెరుచుకోదు. టోపీ పెట్టుకుంటే నాలుగు నిమిషాల్లో అంకె సున్నాకు దిగుతుంది. పదకొండేళ్ళుగా ఈ అంతస్తుల గోపురంలో ఒక్క పసిబిడ్డ ఒంటి మీదా దెబ్బ పడలేదు.

అప్పలనర్సు కూర్చున్నాడు గాని తల వంచలేదు. రేవులో క్రేను నడుపుతాడు. పట్టీ అరవై రెండు చూపుతోంది.

"ఈ రోజు వొద్దక్కా."

"వొద్దంటే పిల్లనెవులిస్తారు? వొంచు తమ్ముడా."

"నిన్న సున్నాతోటే ఎల్నాను. ట్రాము వొస్తంటే జాజి పట్టాల మీదికి పరుగెట్టీసింది. నాను నిలబడి నవ్వుతన్నాను. రామ్మా, రామ్మా అంతన్నాను, కోడిపిల్లని పిల్సినట్టు. ఎవులో ముసలామె రెక్కట్టుకు లాగింది. నాకు గుండె కూడా అదరనేదు."

పైడితల్లి చేయి టోపీ మీదే ఆగింది. కోపాన్నీ భయాన్నీ టోపీ విడదీయలేదు. రెండింటినీ ఒకే గొట్టంలో తోడేస్తుంది. ఆ సంగతి ఆమెకు మొదటి ఏడే తెలిసింది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

"మరి కొడితేనో?"

"అదే బయిం. మా అయ్య సెయ్యెలాటిదో నాకు తెలుసు. మొన్న సెలవునాడు జాజి పాలగిన్నె నా మీదికి ఇసిరింది. నా సెయ్యి లేసిపోనాది. సగంలో ఆగింది. ఎందుకాగిందో తెల్దు."

ఆమె తన గ్లాసు నింపి ఇచ్చింది. "పుక్కిట పట్టు. మింగీకు, ఉమ్మీకు. కోపం దిగినాకే మింగాల."

"ఇదేటి వైద్యం?"

"మాయమ్మ వైద్యం. ముగ్గురం పిల్లలం. ఎప్పుడు సూసినా బుగ్గలుబ్బి ఉండేది. పన్నునొప్పి అనుకునేదాన్ని."

వరుసలో ఎవరో నవ్వారు. పైడితల్లి తన వేలిముద్రతో తలుపు తెరిచింది. బాధ్యత ఎవరిదని తెర అడిగింది. తన పేరు చెప్పింది. ఒక్క దెబ్బ పడితే తన పని పోతుంది. జాజిని తండ్రికి మళ్ళీ ఇవ్వరు.

జాజి వచ్చింది. చెప్పులు వేసుకోనని నేల మీద పడి దొర్లింది. ఎత్తుకోబోతే తండ్రి మణికట్టు కొరికింది. అతను ఉబ్బిన బుగ్గలతోనే పిల్లను చంకనేసుకుని లిఫ్టెక్కాడు.

లిఫ్టులో కెమెరా లేదు. అతని పట్టీ అంకె మాత్రం బల్ల మీది తెరకు వస్తుంది. డెబ్బై ఒకటి. ఎనభై. మీట నొక్కితే లిఫ్టు ఆగుతుంది, కాపలావాళ్ళు పిల్లను తీసుకుపోతారు. పైడితల్లి వేలు మీట మీద ఉంది.

"తరువాతి మనిషి," అంది, తల ఎత్తకుండా.

వచ్చినామె టోపీని ఒళ్ళో పెట్టుకుంది. "ఉండమ్మా. ముందు ఆ అంకె సూద్దారి."

ఎనభై మూడు. అక్కడే చాలాసేపు నిలిచింది. వరుసంతా బల్ల చుట్టూ చేరింది. వేలు మీటను నొక్కలేదు.

డెబ్బై. యాభై ఎనిమిది. నలభై ఒకటి. అక్కడ ఆగింది. సున్నాకు రాలేదు.

వచ్చినామె టోపీని బల్ల మీద బోర్లించి గ్లాసు కోసం చేయి చాపింది. గదిలో గ్లాసు ఒక్కటే ఉంది. పైడితల్లి దాన్ని కడగడానికి లేచింది.