పెదవికి సరిపోయిన గాజు వేణువు

ఫ్లూటు టీచర్‌కి శుభ్రం పిచ్చి. ఆ మాట ఆవిడ మొహం మీదే అనగలిగే ధైర్యం వాళ్ల వదిన ఒక్కర్తికే ఉంది. కడిగిన గ్లాసుని మళ్లీ కడుక్కుని తాగే మనిషి, పక్కనెవరైనా తుమ్మితే కుర్చీ మార్చుకునే మనిషి, పదిహేనేళ్లు ప్రాణంలా చూసుకున్న వెదురు వేణువు వల్లే మంచాన పడింది. గొట్టం లోపల, కంటికి ఆనని చోట, బూజు పట్టింది. ఆవిడ ఊపిరి పీల్చినప్పుడల్లా అది కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి దిగింది. రెండు నెలలు దగ్గి దగ్గి డొక్కలు పట్టేశాక, డాక్టరు ఆ వేణువుని నిలువునా చీల్పించి చూపించాడు. లోపలంతా నల్లగా, నూగునూగుగా, తడిసిన ఎలుక తోలులా ఉంది.

"ఇదా నేను రోజూ పెదాలకి ఆనించుకున్నది!" అని టీచర్ రెండు రోజులు ముద్ద ముట్టలేదు.

ఇక వెదురూ వద్దు, చెక్కా వద్దన్నాడు డాక్టరు. ఇనుప వేణువు ఆవిడకి పడలేదు, నాలుక మీద తుప్పు రుచి వస్తుందంది. ఈలోగా సంగీత పాఠశాల కచేరీ మూడు వారాల్లోకి వచ్చింది. అందులో ఊదలేకపోతే ఆవిడ గది, ఆవిడ దగ్గర నేర్చుకునే పిల్లలు కొత్తగా వచ్చిన టీచర్‌కి వెళ్తారని ప్రిన్సిపాల్ తియ్యతియ్యగా చెప్పి పంపాడు.

గాజు వేణువుల సంగతి కనుక్కొచ్చింది వదినే.

"గాజైతే లోపలేముందో ఇట్టే కనబడుతుంది. మరిగే నీళ్లు పోసి కడుక్కో, సబ్బేసి తోముకో, నీ ఇష్టం. నీ కోసమే పుట్టినట్టుంది తల్లీ!" అంటూ ఒక వాన మధ్యాహ్నం స్కూటర్ మీద ఎక్కించుకుని తీసుకెళ్లింది.

పాత సీసాలు అమ్మే సందు చివర రేకుల షెడ్డు. ముందు గదిలో పొడవాటి బల్ల, కిటికీ, గోడకి మూడు అరలు. వెనక గదిలో బట్టీ. ప్రయోగశాలలకి గాజు గొట్టాలు చేసిచ్చే ముసలాయనది ఆ షెడ్డు. అరవై ఏళ్లు ఊదుగొట్టంతో గాజుని ఊది ఊది ఆయన బుగ్గలు సాగిపోయి, దవడల కిందికి ఖాళీ సంచుల్లా వేలాడుతుంటాయి. సందులో అందరూ బుగ్గల తాత అనే పిలుస్తారు. ఆయన మాట్లాడితే ఆ బుగ్గలు మాట తర్వాత ఒక క్షణం ఆగి కదులుతాయి. టీచర్ చూపు పక్కకి తిప్పుకుంది.

మనిషి మాత్రం పని తెలిసినవాడు.

"వేణువుని చూసి మనిషిని వెతక్కూడదమ్మా. మనిషిని చూసి వేణువు తియ్యాలి," అంటూ మొదట ఆవిడ చేతులు చాపించాడు. చూపుడు వేలి నుంచి ఉంగరం వేలి దాకా జానెడు టేపుతో కొలిచాడు. వేళ్ల కొసలు కాగితం మీద అద్దించి, రంధ్రం ఎంత వెడల్పుంటే ఆ కొస పూర్తిగా మూస్తుందో చూశాడు. తర్వాత కిటికీ దగ్గర నిలబెట్టి పెదాలు చూశాడు.

"మీ పై పెదవి మధ్యలో చిన్న బొట్టులా దిగింది. నేరుగా ఊదితే గాలి రెండుగా చీలుతుంది. అందుకే కొంచెం ఎడమకి జరిగి ఊదుతారు, అవునా?"

టీచర్ ఆశ్చర్యపోయింది. పదిహేనేళ్లలో ఆ సంగతి కనిపెట్టినవాళ్లు లేరు.

చివరికి, ఒక్క గుక్కలో ఎంతసేపు ఊదగలదో గడియారం పట్టి లెక్కపెట్టాడు. అన్నీ ఒక చీటీ మీద రాసుకున్నాడు. రాస్తూ రాస్తూ ఒకచోట ఆగాడు. రాసిందాన్నే మళ్లీ చదువుకున్నాడు. ముసలితనం అనుకుంది టీచర్.

బల్ల మీద ఉన్ని గుడ్డ పరిచి మూడు వేణువులు పెట్టాడు. మొదటిది మందం గాజు. గొంతు గంభీరంగా ఉంది కానీ బరువుకి కుడి మణికట్టు లాగేసింది. రెండోది ఉల్లిపొరలా పల్చన, ఊదిన గాలంతా ఎటో జారిపోయింది. మూడోది చేతిలో కుదిరింది, శ్రుతీ కుదిరింది. ఊదే రంధ్రం అంచు ఒక్కటే కింది పెదవికి గుచ్చుకుంది.

"అంచు అరగదీస్తే ఇదే మీది. పావుగంట కూర్చోండి," అని తాత దాన్ని తీసుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి పై అర వంక చూశాడు. "అక్కడున్నది మాత్రం ముట్టుకోకండమ్మా. అది... కడగలేదు."

అసలు ఆ ఒక్క మాట చాలు టీచర్‌ని ఆమడ దూరంలో నిలబెట్టడానికి. కానీ వాన పెరిగింది. కరెంటు పోయింది. స్కూటర్ సీటు తడిసిపోతోందని వదిన పరుగెత్తింది. వెనక గదిలో గాజు మీద రాయి గీసే సన్నటి చప్పుడు ఒక్కటే మిగిలింది. టీచర్ పై అర వైపు చూసింది. కడగలేదన్న వేణువు ఆ షెడ్డులో అన్నిటికంటే శుభ్రంగా ఉంది. మిగతావాటి మీద సన్నగా దుమ్ముంది. దాని మీద ఒక్క మరక లేదు.

దానికి దారంతో ఒక చీటీ కట్టి ఉంది. పాతబడి పసుపెక్కిన చీటీ. మీద తాత రాతలో అంకెలు. వేళ్ల మధ్య దూరం, వేలి కొస వెడల్పు, గుక్క ఎంతసేపు. కింద ఒక ముక్క: "పై పెదవి మధ్యలో బొట్టు. ఎడమకి ఊదుతుంది."

వేణువుని చేతిరుమాలుతో పట్టుకుని దించి, బల్ల మీద ఇందాక రాసిన చీటీ పక్కన పెట్టి చూసింది. ఒక్క అంకె తేడా లేదు.

సంచిలోంచి స్పిరిటు, దూది తీసింది. బయట మూడుసార్లు తుడిచింది. లోపలికి దూది దూర్చి లాగింది. దూది తెల్లగానే బయటికొచ్చింది. కిటికీకి అడ్డంగా పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. నీళ్లంత నిర్మలంగా ఉంది. ఇంకేం కావాలి?

పెదవికి ఆనించి ఊదింది.

ఆ నాదానికి ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నెలల తరబడి గొంతులో ఇరుక్కున్నదేదో విడిపోయినట్టు, గదంతా నిండిపోయింది. వేళ్లు వాటంతటవే రంధ్రాల మీద కూర్చున్నాయి. ఎక్కడా బలవంతం లేదు. ఒక రాగం ఎత్తుకుంది. ఊపిరి అయిపోవాల్సిన చోట అయిపోలేదు. ఇంకా ఉంది. ఇంకా...

అప్పుడు వాసన తగిలింది.

మొదట మందు వాసన అనుకుంది. కాదు. నిద్ర లేచాక కడగని నోటి వాసన. రోజుల తరబడి కడగని నోరు. పుచ్చిన పంటి సందులో నానిన ఆహారం, ఎండిన కఫం, దాని మీద తియ్యటి దగ్గు మందు. స్పిరిటు వాసనని తోసుకుంటూ, వెచ్చగా, ముక్కు కిందికి వచ్చింది.

కళ్లు తిప్పి గొట్టం వైపు చూసింది. గాజు మీద ఆవిరి పట్టింది. అందులో వింతేం లేదు, ఊదితే పడుతుంది. కానీ ఆవిరి ఆవిడ నోటి దగ్గర లేదు... అటు కొసన ఉంది. అక్కడి నుంచి ఇటు పాకుతోంది. ఒకసారి ముందుకి... ఆగి... కొంచెం వెనక్కి... మళ్లీ ముందుకి.

ఎవరో అవతలి నుంచి ఊపిరి తీస్తున్నట్టు.

ఆపాలనుకుంది. పెదాలు ఆగలేదు. రాగం సాగుతూనే ఉంది. అది ఇప్పుడు ఆవిడకి తెలిసిన రాగం కాదు.

ఆవిరి వెనకాలే ఒక తీగ వచ్చింది. ఉమ్మి తీగ. పసుపుపచ్చగా, చిక్కగా, మధ్యలో సన్నటి ఎర్ర చారతో. వేణువు కొసని కిందికి వంచింది, జారి కింద పడుతుందని. పడలేదు. పైకే పాకింది. ఒక్కో వేలి రంధ్రం కింద నుంచి వెళ్తూ, ఆ వేలి కొసని తడిపి... జిగటగా... వెచ్చగా... తర్వాతి వేలికి.

 వాంతి గొంతు దాకా వచ్చింది. నోరు తెరుచుకుంటే కదా బయటికి పోవడానికి!

కింది పెదవికి ఆనిన గాజు మెత్తబడింది. మెత్తగా, పగుళ్లు తేలిన చర్మంలా. ఆ చర్మం కదిలింది. ఆవిడ పెదవి కింద ఇంకో పెదవి సర్దుకుంది. మధ్యలో చిన్న బొట్టుతో.

అది కొంచెం తెరుచుకుంది.

నాలుక మీదికి ఏదో జారింది. ముద్దగా, ఉప్పగా, చిన్న నత్తంత. ఉమ్మెయ్యడానికి దారి లేదు. ముక్కుతో పీల్చిన గాలి చాలలేదు. గొంతు దానంతటదే ఒకసారి... గుటక వేసింది.

"ఏమే! ఏంటే అది!"

వదిన గుమ్మంలోంచే అరిచి ఒక్క ఉదుటున వచ్చి వేణువు పట్టుకుని లాగింది. తడి గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. కింది పెదవి మీది పొర ఊడొచ్చింది. టీచర్ బల్ల మీద వాలిపోయి కక్కుకుంది. పొద్దున తిన్నదంతా వచ్చింది. తినంది మాత్రం రాలేదు. అంత వాంతిలోనూ ఆ ముద్ద కోసం వెతికింది, కళ్లతో, వేళ్లతో. వదిన ఆ చేతులు పట్టుకుని ఆపింది.

వెనక గదిలో గీసే చప్పుడు ఆగింది. తాత గుమ్మంలో నిలబడ్డాడు. వేణువుని చూశాడు, నెత్తురు కారుతున్న పెదవిని చూశాడు. మొహంలో కోపం లేదు. దగ్గరికొచ్చి గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"మింగలేదు కదమ్మా?"

టీచర్ తలెత్తలేదు. "లేదు," అంది.

"నిజం చెప్పండి."

"లేదన్నాను కదా!"

తాత చాలాసేపు ఆవిడ గొంతు వైపే చూశాడు. తర్వాత వేణువుని గుడ్డతో పట్టుకుని గుడ్డలోనే చుట్టాడు.

"మా ఆవిడది. జబ్బు ముదిరిన కొద్దీ ఊపిరికి తగ్గట్టు చేసిస్తూ వచ్చాను. ఆవిడ పోయేముందు ఊదిన ఆఖరిది ఇది. కడగలేదన్నది మీరు ముట్టుకోకూడదనే, రోజూ కడుగుతాను. యాసిడ్‌తో కడిగాను. ఒకసారి బట్టీలో పెట్టి కరిగించేశాను. అదే గాజుని మళ్లీ ఊదుగొట్టానికి ఎత్తి సీసా చేద్దామని ఊదాను..." ఆగాడు. వేలాడే బుగ్గలు రెండూ వణికాయి. "సీసా కాలేదమ్మా. వేణువే అయ్యింది. ఇందాక మీ కొలతలు రాస్తుంటే అన్నీ ఆవిడవే అని చెయ్యి ఆగింది నాకు. అప్పుడే చెప్పి పంపెయ్యాల్సింది."

"పగలగొట్టలేకపోయావా పెద్దమనిషీ?" వదిన మండిపడింది.

"పగిలితే ముక్కలు ఎన్నవుతాయో ఎవరికి తెలుసు?" అన్నాడు తాత.

ఆ వేణువు మళ్లీ పై అరలోకి వెళ్లలేదు. గుడ్డ మూటతో సహా ఒక ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి, వాళ్లెదురుగానే వెనక గదిలో నేల కింద గోతిలో దించాడు. అంచు అరగదీసిన మూడో వేణువుని చేతిలో పెట్టి వాళ్లని వాన ఆగకముందే పంపేశాడు.

ఆ రాత్రి టీచర్ ఏడుసార్లు పళ్లు తోముకుంది. చిగుళ్లు చిట్లి నురగ గులాబీ రంగుకి తిరిగినా ఆపలేదు. ఉప్పునీళ్లు పుక్కిలించింది. నాలుకని గీకి గీకి పచ్చిపుండు చేసుకుంది. మింగింది మింగిందే. అది గొంతులో లేదు, కడుపులో లేదు, ఎక్కడుందో తెలియదు. వదినకి కూడా చెప్పలేదు. చెబితే తను మళ్లీ ఆ ముద్దని నోట్లో తలుచుకోవాలి.

మూడు వారాలు గడిచాయి. పెదవి మానింది. కొత్త వేణువు నిజంగానే ఆవిడకి కుదిరింది. ఊదిన ప్రతిసారీ మరిగే నీళ్లతో కడిగి వెలుగులో పట్టి చూసుకునేది. లోపల ఏమీ ఉండేది కాదు. కచేరీలో ఆవిడ గంటన్నర ఊదింది. అలుపన్నదే లేదు. ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చి చేతులు జోడించి, గది మీదే, పిల్లలూ మీవాళ్లే అన్నాడు.

మర్నాడు పొద్దున వదిన ఫోన్ చేసింది. టీచర్ అప్పుడే పళ్లు తోముకుని, నోరు పుక్కిలించి, టవల్‌తో తుడుచుకుంటూ ఫోన్ ఎత్తింది.

"నిన్న ఎంత బాగా ఊదావే! మీ అన్నయ్యకి రాత్రంతా అదే ధ్యాస. ముందు వరసలో ఉన్నావిడ ఏడ్చేసింది కూడా. అవునూ... టిఫిన్ చేస్తున్నావా?"

"లేదు వదినా. ఇప్పుడే మొహం కడుక్కున్నాను."

"మరి నోట్లో ఏంటి? ముందు అది మింగి మాట్లాడు."

"నోట్లో ఏమీ లేదే."

"సరేలే, నా దగ్గర దాపరికమా! వినబడుతోంది కదా."

 టీచర్ పళ్లు గట్టిగా కరిచి పట్టుకుంది. పెదాలు బిగించింది. నాలుకని అంగిటికి నొక్కి, ఊపిరి కూడా ఆపి, కదలకుండా నిలబడింది. ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు.

"ఛీ, ఛీ," అంది ఫోన్‌లో వదిన. "నోరు మూసుకుని నమలవే బాబూ!"