ఒకటి పడితే వాల్వ్ తెరుచుకుంటుంది

“నాకెందుకో మంచిగనిపిస్తలేదు విన్సెంటూ. లోపట గ్యాస్ ఉంటది. ఒక్కనివే పోకు.”

చీర కొంగు చాటునున్న మైకులో ఏజెంట్ ప్రమీల గుసగుసలాడింది. ఎనుమాముల మార్కెట్ పక్కన, ఒక ప్రైవేటు కోల్డ్ స్టోరేజీ ముందు, చాయ్ అమ్మే మనిషి వేషం ఆమెది.

“ఏం కాకముందే నన్ను బొందల పెడ్తవేందక్కా!” మెకానిక్ వేషంలో విన్సెంట్ లోపలికి వెళ్లిపోయాడు.

స్టోరేజీ సర్వర్‌లో విదేశీ ముఠా వేలు పెట్టిందని, వెళ్లి చూడమని పొద్దున్నే ఆర్డర్ వచ్చింది. లైనక్స్ సర్వర్ అది. జరిగిన ప్రతి పనినీ లాగ్‌లో వరుసగా రాసుకుంటుంది. ‘చలి తగ్గింది’ అన్న లైను పడితే చాలు, ఎవరూ ముట్టకుండానే ఫ్యాన్లు తిరుగుతాయి. అలాంటి రూల్స్‌లో ఏదో మారింది. ఏది?

నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, గుప్పుమనే సెంటు. బండి ముందు ఒకామె ఆగింది.

“గుంటూరు మిర్చి దొరుకుతదా?”

“లేదమ్మా, చపాటా మిర్చే ఉంది.”

కోడ్ కలిసింది. ముఠాలో ఉంటూ కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్ సింధు. ప్రమీలకు ఆమె మీద ఆవగింజంత నమ్మకం లేదు.

“మిర్చి బస్తాల మొదటి తూకమయి లాగ్‌ల ‘లాట్ 1’ అని పడంగనే అమ్మోనియా గ్యాస్ వాల్వ్ తెరుసుకుంటది. లోపట రెండు వందల మంది హమాలీలున్నరు.”

“మొదటి కాంటా ఎప్పుడు?”

“ఇప్పుడే.”

“గిప్పుడా చెప్పేది!”

సింధు చెయ్యి పట్టి లాక్కుంటూ ప్రమీల పరుగెత్తింది. కాంటా దగ్గర ముసలి గుమాస్తా రాయమల్లు కీబోర్డు మీద వంగి ఉన్నాడు.

“కాకా, ఆపు!”

“ఎంటర్ కొట్టిన బిడ్డా. ఏమైంది?”

ఏమీ కాలేదు. తెర మీద ‘లాట్ లాభం’ అని ఉంది.

“ఒకటి అని కొట్టలేదా?”

“మొదటి కాంటాకు ఒకటంటరా ఎవలన్న? లాభం, రెండు, మూడు. కంప్యూటర్ వచ్చిందని లాభం వద్దంటమా?”

ప్రమీల ఊపిరి పీల్చుకుంది. అంతలోనే ఇంకో దిగులు. పదో కాంటాకు పడే ‘లాట్ 10’లో కూడా ‘లాట్ 1’ అన్న అక్షరాలుంటాయి!

“కాంటా బంద్ పెట్టు కాకా! విన్సెంటూ, ‘లాట్ 1’ రూల్ తీసెయ్!”

ఆమె మైకును నోటికి దగ్గరగా లాక్కుంది.

“విన్సెంటూ, పలుకురా!”

నిమిషం. రెండు. ఐదు. దవాఖాన, తెల్లగుడ్డ, అతని తల్లికి తను చెప్పాల్సిన మాట, అన్నీ ఆమె కళ్ల ముందు తిరిగాయి. సింధు చేతిని మాత్రం ఆమె వదల్లేదు.

చివరికి చెవిలో గరగరమంది.

“హాచ్! రూల్ తీసేసిన అక్కా. గ్యాస్ రాలే గని, మిర్చి ఘాటుకు తుమ్ములు మాట్లాడనిస్తలేవు. మనల్ని సంపనీకి విదేశమోళ్లు గంత దూరం నుంచి ఎందుకొచ్చిన్రో!”