అభ్యంతరం లేకపోతే ఆమోదమే

పదకొండు నలభైకి చీఫ్ ఫోన్‌లో చెప్పింది విని ఏజెంట్ గద్దకు ఒళ్లు మండిపోయింది.

"పన్నెండింటి లోపు ఒక్క దేశమైనా అభ్యంతరం చెప్పకపోతే తీర్మానం పాసైనట్టే. క్షిపణుల ఎగుమతిపై నిషేధం పోతుంది. రేవులో ఓడ రెడీగా ఉంది."

"దండెత్తే దేశానికి ఆయుధాలు అమ్మకూడదని చట్టం రాసుకుంది మన కూటమే కదా సార్. పన్నెండు దేశాల్లో ఒక్కడికీ నోరు లేదా?"

"చట్టం సరే. ఆ పెద్ద దేశంతో ఎవరు పెట్టుకుంటారు? అడ్డు చెప్తానన్నది ద్వీపదేశం ప్రతినిధి ఒక్కడే. అరగంటగా మనిషి లేడు. ఆయుధాల ముఠా పనే. వెతుకు."

ఆ క్షిపణులు పడబోయే ఊళ్లో గద్ద చెల్లెలు నర్సు. ఆ సంగతి తెలిసీ చీఫ్ వాన కబురు చెప్పినంత తాపీగా చెప్పాడు.

క్యాంటీన్ యూనిఫాం వేసుకుని, టీ ట్రాలీ తోసుకుంటూ గద్ద కూటమి భవనం మూడో అంతస్తులో తిరిగాడు. గుండీలో దాచిన హీట్ స్కానర్ ఫైళ్ల గది ముందు వణికింది. లోపల ఎవరో ఉన్నారు. తలుపు దగ్గర నీలం సిల్కు దుస్తుల్లో కూటమి న్యాయ సలహాదారు నిలబడి ఉంది. ముఠా మనిషని గద్ద ఆర్నెల్లుగా అనుమానిస్తున్నది ఈవిడనే.

"చక్కెర ఎంత?" అందామె.

అది చీఫ్ తన మనుషులకు మాత్రమే ఇచ్చిన కోడ్. గద్ద నోరెళ్లబెట్టాడు. "రెండున్నర చెంచాలు."

"ప్రతినిధి కాఫీలో మత్తు నేనే కలిపాను. కలపకపోతే ముఠావాళ్లు అతన్ని చంపేసేవాళ్లు. సగమే కలిపాను." గది తాళంచెవి గద్ద చేతిలో పెట్టింది. "కారణాలు అక్కర్లేదు. అతని నోటితో ఒక్క మాట చాలు. నువ్వు చెప్తే చెల్లదు."

ఆమె హాల్లోకి పరుగెత్తింది. గద్ద ప్రతినిధిని ట్రాలీ కింది అరలోకి కుక్కాడు. లిఫ్ట్ దగ్గర అడ్డొచ్చిన ముఠావాడి మూతి పగలగొట్టాడు. చెల్లెలి మీద బెంగంతా ఆ గుద్దులోనే పోయింది.

హాల్లోకి వచ్చేసరికి పన్నెండుకి ఇంకా పది సెకన్లు. వాళ్లను చూసి కూటమి అధ్యక్షుడు తీర్మానం పాసైందని కొట్టడానికి గబగబా సుత్తి ఎత్తాడు.

"అయ్యా, మీకు దణ్ణం పెడతాను, నోరు తెరవండి," అన్నాడు గద్ద, మనిషిని కాలరు పట్టి లేపుతూ.

"అభ్యం... తరం."

"నమోదైంది," అంది న్యాయ సలహాదారు మైకులో. సుత్తి గాల్లోనే ఆగిపోయింది. ఓడ కదల్లేదు.

ఐదు నిమిషాల్లో అధ్యక్షుడు కెమెరాల ముందుకొచ్చి, ఎవరి ఒత్తిడికీ లొంగకుండా కూటమి చట్టానికే కట్టుబడిందని ప్రకటించాడు. సిగ్గూ ఎగ్గూ లేకుండా పదకొండు మంది ప్రతినిధులు చప్పట్లు కొట్టారు. పన్నెండో ఆయన వాష్ బేసిన్ మీదకు వంగి భళ్లున కక్కుతున్నాడు.

ఆ ప్రకటనకు సరైన జవాబు ఆయనదేననిపించి, గద్ద ఆయన వీపు నిమిరాడు.