పావు చుట్టు

మా ఆవిడకి తొమ్మిదో నెల నిండింది. కారేమో మొరాయిస్తోంది. మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే షెడ్డులోకి వెళ్లి బానెట్ ఎత్తాను. స్పార్క్ ప్లగ్గులు మార్చడం బ్రహ్మవిద్యేమీ కాదు కదా అనుకున్నాను.

ఆ కారు నాకు అమ్మిన మేస్త్రి పోయి ఆరు నెలలైంది. తోటి మెకానిక్కులు ఆయన్ని 'పావు చుట్టు' అని ఏడిపించేవాళ్లు. "ముందు వేళ్లతో తిప్పు. ఆగాక పానాతో పావు చుట్టు. అంతే, చెయ్యి తీసెయ్!" అనేవాడు. ఎవరైనా ఎక్కువ బిగిస్తే "జరుగు" అంటూ వాళ్లని పక్కకి నెట్టేసి, ఆ పని తనే పూర్తి చేసేవాడు. అంత మొండిఘటం.

నాదేమో ఎక్కువ బిగించే జబ్బు. మంచినీళ్ల సీసా మూత నేను బిగించానంటే ఇంట్లో ఇంకెవరూ తీయలేరు.

మూడు ప్లగ్గులు బుద్ధిగా బిగించాను. నాలుగోదానికి పావు చుట్టు అయ్యాక చెయ్యి ఊరుకోలేదు. ఇంకాస్త... ఇంకాస్త... లోపల ప్లగ్గు మర కరకరమంది. మర పోతే బండి కదలదు. నొప్పులొస్తే ఆమెని ఎలా తీసుకెళ్లాలి?

అప్పుడే గ్రీజు, చెమట కలిసిన వాసన, మేస్త్రి దగ్గర వచ్చే వాసన, ముక్కుకి తగిలింది. షెడ్డులో వెలుతురు తగ్గింది. నా చేతిలో పానా వెనక్కి తిరుగుతోంది... మెల్లగా... నేను తిప్పడం లేదు.

చెవి పక్కన ఎవరో గుసగుసగా అన్నారు.

"జరుగు."

కాళ్లు వాటంతటవే రెండడుగులు పక్కకి వేశాయి. ప్లగ్గు పైకి వచ్చింది. మళ్లీ దిగింది. పానా పావు చుట్టు తిరిగి ఆగింది. కళ్లు బైర్లు కమ్మాయి.

తెలివొచ్చేసరికి నేల మీద ఉన్నాను. షెడ్డులో కారు లేదు. ఇంట్లో ఆమె లేదు. కాన్పు కోసం సర్దిపెట్టిన సంచీ లేదు.

పరుగెత్తాను. ఆసుపత్రి ముందు నా కారు నిలబెట్టి ఉంది. బానెట్ ఇంకా వెచ్చగానే ఉంది. కాన్పు గది బయట నర్సు నన్ను ఆపింది.

"ఇందాక కాన్పుకి తీసుకొచ్చినావిడ... ఎలా ఉందండీ?"

"తల్లీ బిడ్డా క్షేమం. ఆడపిల్ల." గ్రీజు మరకలతో ఉన్న నా మొహాన్ని నర్సు ఎగాదిగా చూసింది. "ఇంతకీ మీరెవరు?"

"భర్తనండీ."

"వాళ్లాయన లోపలే ఉన్నాడుగా, బిడ్డని ఎత్తుకుని!"

తలుపు సందులోంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. తర్వాత "అంతే... అంతే..." అంటూ బిడ్డని ఊరుకోబెడుతున్న మగగొంతు. మాట మేస్త్రిది.

గొంతు మాత్రం నాదే.