రెండు బాక్సుల నడుమ

బోధన్ పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేసే దేవయ్యకు ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది. చీము కారి కారి ఒక వానకాలం పూర్తిగా మూసుకుపోయింది. ఉన్న కుడి చెవి కూడా మెల్లగా మందగిస్తోందని నిజామాబాద్ డాక్టరు చెప్పిన రోజు, ఆయన ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా, జొన్నల బస్తాలు వేసుకునే చిన్న అర్రను ఖాళీ చేయడం మొదలుపెట్టాడు.

"ఏం జేస్తున్నవయ్యా?" అని అడిగింది భార్య యేసమ్మ.

"పాటలు వినేతందుకు అర్ర జేస్తున్న. చెవి ఉన్నన్ని దినాలన్న మంచిగ వింట."

యేసమ్మ కూడా వచ్చి ఒక బస్తా అంచు పట్టింది. వాళ్లకు పిల్లల్లేరు. ఇద్దరి మధ్యా ఉన్నది పాటే. మెథడిస్టు చర్చిలో ముందు నిలబడి పాట ఎత్తుకునే గొంతు ఆమెది. వెనక బెంచీలో కూర్చుని, కుడి చెవి ముందుకు తిప్పి, కళ్లు మూసుకుని వినే మనిషి ఆయన.

కిటికీకి చెక్కలు కొట్టించాడు. గోడలకు గోనెపట్టాలు, వాటి మీద పాత బొంతలు బిగించాడు. తలుపుకు కంబళి వేలాడదీశాడు. అవి చెరుకు ఆడించే క్రషింగ్ సీజన్ రోజులు. చెరుకు బండ్ల కిర్రుమనే చప్పుడు, ట్రాక్టర్ల మోత, దూరంగా షుగర్ ఫ్యాక్టరీ గుర్రుమనే హోరు ఆ ఇంటిని పగలూ రాత్రీ వదిలేవి కావు. అర్రలోకి వెళ్లి తలుపు వేసుకుంటే మాత్రం అన్నీ తెగిపోయేవి. ఫ్యాక్టరీలోని పులిసిన మొలాసిస్ మడ్డి వాసన ఒక్కటే సందుల్లోంచి లోపలికి వచ్చేది. యేసమ్మ మొదటిసారి లోపల ఒంటరిగా నిలబడినప్పుడు తన గుటక తనకే పెద్దగా వినిపించింది. ఈ ఇల్లు కట్టినప్పటి నుంచీ ఇందులో ఇంత నిశ్శబ్దం ఎన్నడూ లేదనిపించింది. ఎందుకో ఎక్కువసేపు నిలబడలేక బయటికొచ్చేసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం, రాజమల్లు ఆటోలో స్పీకర్లు వేసుకొచ్చాడు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో అతనికి దుకాణం. స్పీకర్ బాక్సులు సొంతంగా చెక్కతో చేసి అమ్ముతాడు. చిన్న జత ఒకటి, నడిమి రకం జత ఒకటి, నడుమెత్తు ఉండే పెద్ద జత ఒకటి తెచ్చాడు.

"అన్నా, విని సూస్కొని నచ్చింది ఉంచుకో. మిగిలినయి నేను వాపస్ తీస్కపోత" అన్నాడు.

చిన్న జతను రెండు మూలల్లో పెట్టి, నడుమ నేల మీద చాప పరిచి, ఎదురుగా గోడ దగ్గర కుర్చీ వేశాడు. సరిగ్గా ఆ కుర్చీలో కూర్చుని వింటే పాట బాక్సుల్లోంచి వచ్చినట్టుండదట. పాడేవాళ్లు రెండు బాక్సుల నడుమ, ఖాళీ జాగాలో నిలబడి పాడుతున్నట్టుంటుందట.

దేవయ్య నవ్వాడు. "ఒంటి చెవోన్ని. గా నడిమి మనిషి నాకు రాడు. యేసమ్మా, నువ్వు కూసో. నీకేది మంచిగుంటె గదే తీస్కుందం."

ఆమె కూర్చుంది. పోయిన పంటల పండుగనాడు చర్చిలో రికార్డు చేసుకున్న క్యాసెట్ వేశారు. తన గొంతే నడిమిలోంచి వచ్చింది. పక్కన ఆడవాళ్లు, వెనక మగవాళ్లు, ఎవరు ఎక్కడ నిలబడ్డారో వేలు పెట్టి చూపించొచ్చు. ఆమెకు నవ్వొచ్చింది. అప్పుడే, అందరికన్నా వెనక, చాలా దూరంగా, బట్ట గోడకు రాసుకున్నట్టు చిన్న చప్పుడు. చర్చిలో ఎవరో కదిలారేమో అనుకుంది.

నడిమి జత పెట్టారు. అదే పాట. ఈసారి బట్ట రాపిడి కాదు. ముక్కుతో పీల్చి వదిలే ఊపిరి. పాడేవాళ్ల వెనక కాదు... వాళ్ల ముందు.

"వేరే క్యాసెట్ ఎయ్యి" అంది.

సన్నాయి క్యాసెట్ వేశారు. సన్నాయి నడుమ కూడా అదే ఊపిరి. అదే చోట.

"ఎట్లుంది?" అన్నాడు దేవయ్య ఆశగా.

"మంచిగనే ఉంది" అంది.

పెద్ద జత పెట్టారు. పాట అయిపోయి, ఖాళీ టేపు సర్రుమంటోంది. ఆ సర్రుమనే చప్పుడులో ఊపిరి ఇప్పుడు బాక్సుల దగ్గర లేదు. చాప మీద ఉంది. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో, కూర్చున్న మనిషి తల ఉండేంత ఎత్తులో. యేసమ్మ తన ఊపిరి బిగబట్టింది.

అదీ బిగబట్టింది.

ఆమె మెల్లగా వదిలింది.

అదీ వదిలింది. తర్వాత... ఒక గుటక.

అది మాట్లాడటం లేదు. ఎవరైనా ఒళ్లంతా చెవి చేసుకుని వింటుంటే ఎట్లా ఉంటుందో, అట్లా ఉంది.

దేవయ్య ఇంకో క్యాసెట్ కోసం ముందరింట్లోకి వెళ్లాడు. యేసమ్మ కుర్చీలోంచి లేవబోయింది. రాజమల్లు తలుపు దగ్గరే నిలబడి, చెయ్యెత్తి ఆపాడు.

"అక్కా... నడిమిట్ల నుంచి రాకు. గోడ పొంటి రా."

ఆమె గోడ వెంబడే తలుపు దాకా వచ్చింది. "నీకు గూడ..." అంది గుసగుసగా.

"వినవడ్తుంది."

"గీ డబ్బాల్ల ఏమున్నది తమ్మీ?"

"డబ్బాల్ల ఏం లేదక్కా. దుకాణంల దినాము ఇవే మోగిస్త. గాడ ఎన్నడు రాలే." అతని కళ్లు చాప మీదే ఉన్నాయి. "గిది అర్రల ఉన్నది. మంచి డబ్బాలు వెట్టినకొద్ది దగ్గర దగ్గరికి వినవడ్తుంది. చిన్నయే ఉంచుకోండ్రి."

దేవయ్య రాగానే ఆమె చిన్న జత చాలంది. చిన్న అర్రకు పెద్ద బాక్సులు పెడితే బేస్ మోత గుమ్ముమని కొడుతుందని రాజమల్లు కూడా చెప్పాడు. అది నిజమే. కానీ దేవయ్య ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"ఎందుకో నువ్వే చెప్పు" అన్నాడు భార్యతో.

అంత ఆశగా చూసే మనిషికి ఆ ఊపిరి సంగతి ఎట్లా చెప్తుంది? "పెద్దయి నాకు నచ్చలే" అంది.

ఆయన తన కుడి చెవి పట్టుకుని చూపించాడు. "ఇంకెన్ని దినాలు వింటనే నేను? గంతదాక గూడ నీకు ఓపిక లేదా?"

యేసమ్మకు ఆ మాట గుండెలో దిగింది. కళ్లు తుడుచుకుని, "సరే. పెద్దయే ఉంచు" అంది. రాజమల్లు మిగిలిన జతలు ఆటోలో వేసుకుని, ఇచ్చిన చాయ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

తర్వాత ఆమె ఆ కుర్చీలో మళ్లీ కూర్చోలేదు. దేవయ్య మాత్రం పని నుంచి రాగానే అర్రలో దూరేవాడు. పాట వింటూ తల ఊపేవాడు. బయటికొచ్చినప్పుడు ముఖం వెలిగిపోయి ఉండేది. ఆయన సంతోషం చూసి, తనదీ రాజమల్లుదీ భ్రమేమో అని ఆమె కూడా సర్దుకుంది.

ఒక సాయంత్రం ఆయన వంటింట్లోకి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"యేసమ్మా! ఎడమ చెవి వినవడ్తుందే!"

ఆమె పొయ్యి వదిలి లేచింది. ఆయన ఎడమవైపు వెళ్లి పేరు పెట్టి పిలిచింది. ఆయన ఉలకలేదు. గట్టిగా చప్పట్లు కొట్టింది. ఊహూ.

ఆయన చెవి మీద చెయ్యి పెట్టుకుని, సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "పాట గాదు. చప్పుడు గాదు. అర్రలనే వినవడ్తది. మాట."

"ఎవల మాట?"

"ఇంక సాఫ్‌గ తెలుస్తలేదు. దగ్గరికొస్తుండు."

ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు. తెల్లారి ఆయనను దవాఖానకు పంపించి అర్రకు తాళం వేసింది. తాళంచెవిని బియ్యం డబ్బాలో దాచి, స్త్రీల ప్రార్థన కూటానికి వెళ్లింది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి వీధంతా కరెంటు లేదు. వరండాలో దేవయ్య చెప్పులున్నాయి. అర్ర తాళం తీసి గొళ్లానికి వేలాడుతోంది. బియ్యం డబ్బా మూత మాత్రం తను పెట్టినట్టే, కదలకుండా ఉంది.

లోపల దేవయ్య మాట్లాడుతున్నాడు. మెల్లగా, మర్యాదగా. ఒక మాట అని ఆగుతున్నాడు. మళ్లీ ఒక మాట. "అవును"... "అవును, ఆమెనే"... "లేదు, నాకు ఎన్నడు చెప్పలే"...

ఆమె తలుపు తోసింది. పెద్ద బాక్సులు మూగగా ఉన్నాయి. యాంప్లిఫయర్ లైటు లేదు. కుర్చీ ఖాళీ. దేవయ్య చాప మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, ఎడమ చెవిని గాలిలోకి ఒరగబెట్టి ఉన్నాడు. పక్కన ఎవరో నోరు చెవికి ఆనించినట్టు.

"ఏమయ్యా!"

కదల్లేదు.

కుడి చెవి దగ్గరే అరిచింది. ఆయన తల తిప్పలేదు. అప్పుడామె నడిమికి అడుగుపెట్టి, ఆయన చంకల్లో చేతులు వేసి ఈడ్చింది. ఈడుస్తుంటే... ఎవరూ లేని దిక్కు నుంచి వెచ్చటి గాలి ఆమె చెంపకు తగిలింది. తగిలి, ఆగింది. ఆమె అరుపు అయిపోయేదాకా ఆగి, మళ్లీ తగిలింది.

నిజామాబాద్ డాక్టరు చూసి, కుడి చెవి కూడా పూర్తిగా పోయిందన్నాడు. ఇంత తొందరగా పోవాల్సింది కాదే అని రెండుసార్లు అన్నాడు. కబురు పెడితే రాజమల్లు వచ్చి పెద్ద బాక్సులు తీసుకుపోయాడు. గోడ పొంటే నడిచాడు. యేసమ్మ బొంతలు పీకేసింది. గోనెలు చించేసింది. కిటికీ చెక్కలు గొడ్డలితో కొట్టి తీసింది. ట్రాక్టర్ల మోత, ఫ్యాక్టరీ హోరు ఒక్కసారిగా అర్ర నిండా వచ్చి పడ్డాయి. ఆ మోతలో కూలబడి ఆమె చాలాసేపు ఏడ్చింది.

సీజన్ ముగియవచ్చింది. దేవయ్యకు ఆమె గొంతు ఇక వినబడదు. చేతి సైగలతో అన్నం పెడుతుంది, మందులిస్తుంది. ఆయన రోజంతా వరండాలో బల్ల మీద కూర్చుంటాడు. అప్పుడప్పుడు తల ఊపుతాడు. తింటాడు గానీ చిక్కిపోతున్నాడు.

ఒక పూట ఆమె ఆయన పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. రోడ్డు మీద ఆఖరి బండ్లు పోతున్నాయి. ఆయన బొమికలు తేలిన మెడ చూసేసరికి ఒలిచే చెయ్యి ఆగింది. కళ్లు మూసుకోలేదు. పెదవి కదపలేదు. మనసులోనే అనుకుంది: ప్రభువా, ఈ మనిషిని ఇంకా బాధపెట్టకు. నీ దగ్గరికి తీసుకుపో.

దేవయ్య మెల్లగా ఆమె వైపు తిరిగాడు. కళ్ల నిండా నీళ్లు.

"నేను సచ్చిపోవాల్నని ఎందుకు ప్రార్థన జేస్తున్నవే?"

చిక్కుడుకాయ ఆమె చేతిలోంచి జారిపోయింది.

ఆయన ఎడమవైపుకు ఒరిగి, ఏదో విని, తల ఊపాడు. "నాతోని ఒట్టిగ మాట్లాడుతుండు గంతే" అన్నాడు విచారంగా. "నా దిక్కు అసలే సూస్తలేడు. పొద్దంత నీ దిక్కే చెవి వెట్టి కూసుంటుండు."

యేసమ్మ చేటలోకి చూస్తూ ఉండిపోయింది. ఏమీ అనుకోకూడదు. ఒక్క మాట కూడా. లోపల ఏ పాటా ఎత్తుకోకూడదు, ఏ పేరూ తలచుకోకూడదు. మనసును బిగబట్టింది.

"ఎందుకు ఊకున్నవ్?" అన్నాడు దేవయ్య. "అడుగుతుండు."